నలుపు పూసుకుంటే వంటలక్క, నలుపుతో పుడితే?

(తెర మీద మన ముఖాలు – 6)



ఈ భాగం సీరియల్ మీద రాస్తున్న అంటే విద్యార్థి సంఘంల తిరిగే ఒక తమ్ముడు నవ్విండు. "అన్నా, ఫీజు బకాయిల మీద రాయి, హాస్టళ్ల మీద రాయి. ఈ అత్తాకోడళ్ల గోల మనకెందుకు?" అన్నడు. చెప్త తమ్మీ. మనం కరపత్రాలు పంచి, డప్పు కొట్టి పిలిస్తే మీటింగుకు యాభై మంది వస్తరు. రాత్రి ఏడున్నరకు ఏ కరపత్రం లేకుండనే వాడంత టీవీ ముందు కూసుంటది. అక్కడ మన తల్లులకు, చెల్లెండ్లకు రోజూ అరగంట పాఠం నడుస్తది. ఎవరు అందంగ ఉన్నట్లు, ఎవరు లేనట్లు, ఎవరు ఏ ఇంటికి కోడలు కావచ్చు, ఎవరు గడప బయటనే ఆగాలె అనే పాఠం. ఆ బడికి సిలబస్ ఎవరు రాస్తున్నరో అడగకుంటె, మనం ఇంక అడిగేదేంది?

మా మేళ్లచెరువునే తీసుకుందాం. ఒకప్పుడు నల్లగొండ జిల్లా, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. కింద సున్నపురాయి, పైన సిమెంటు ఫ్యాక్టరీలు, శివరాత్రికి శంభులింగేశ్వరుని జాతర. ఊరి పేరు బయటికి తెలిసేది ఈ మూడింటితోటే. ఈ దిక్కు మన ఆడోళ్లు సాగర్ ఎడమ కాల్వ కింద నాట్లకు పోతరు, మిరప తోటలల్ల కాయ ఏరపోతరు. వాళ్ల ఒంటి రంగుల పుట్టుక ఎంతనో, ఎండ ఎంతనో, దుమ్ము ఎంతనో విడదీసి చెప్పే మొనగాడు లేడు. పొద్దుగూకి ఇంటికొచ్చి, చేతుల మిర్చి మంట చల్లారకముందే ఎసరు పెట్టి, వాళ్లు కూసున్నది 'కార్తీక దీపం' ముందు. స్టార్ మాలో 2017 అక్టోబర్‌లో మొదలై 2023 జనవరి దాకా నడిచింది. పదిహేను వందల ఎపిసోడ్లు దాటినయి. ఐపీఎల్ మ్యాచ్ అదే టైముకు పడితే ఇండ్లల్ల రిమోట్ కోసం కొట్లాటలైనయి.

దీప పాత్ర వేసింది ప్రేమి విశ్వనాథ్. కేరళ మనిషి. 2014లో ఏషియానెట్‌లో 'కరుత్తముత్తు' అని మలయాళ సీరియల్ మొదలైంది. నల్లముత్యం అని అర్థం. అండ్ల నాయికగ వేసింది ఆమెనే. కొంతకాలానికి ఆ పాత్రకు వేరే నటిని తెచ్చిన్రు, కథ మాత్రం నడిపిన్రు. అదే కథను తెలుగుల తీసినప్పుడు ఆమెను పిలిచిన్రు. పక్క భాష మనిషి వచ్చి తెలుగిండ్లకు ఆడబిడ్డ అయింది. 'వంటలక్క' అనే పేరు ఆమె అసలు పేరును మింగేసింది. 2022లో కథల దీపను, డాక్టర్ బాబును ప్రమాదంల చంపేసి వాళ్ల పిల్లలతోటి నడపబోయిన్రు. కొన్ని నెలలకే ఇద్దరినీ మళ్ల బతికించి తెచ్చిన్రు. అంటే సీరియల్‌ను మోసింది ఆమె భుజాలే. ఆ కష్టం ఆమెది, ఆ నటన ఆమెది. పని చేసుకొని బతికే నటితోటి నాకు పంచాయితీ లేదు.

నా పంచాయితీ ఆమె ముఖం మీద పూసిన రంగుతోటి, ఆ రంగు పూయించిన చేతులతోటి.

దీప నల్లపిల్ల. కథంత ఆ నలుపు మీదనే నిలబడ్డది. సవతి తల్లికి ఆమె గిట్టది. అత్తకు మొదట్ల ఆ నలుపు గిట్టది. ఆ అత్త పేరు సౌందర్య, చూడుర్రి! మరి ప్రేమి విశ్వనాథ్ నల్లటి మనిషి కాదు. ముఖానికి, మెడకు, చేతులకు ముదురు రంగు పూసి ఆమెను కెమెరా ముందుకు తెచ్చిన్రు. షూటింగు బయట ఆమె తన మామూలు రంగుల కనబడితే జనం నోరెళ్లబెట్టిన్రు. "అబ్బ, వంటలక్క అసలుకు ఇంత తెల్లగుంటదా!" యూట్యూబుల దాని మీదనే ఎన్ని వీడియోలో! నలుపును గౌరవించాలె అని ఏండ్ల తరబడి చెప్పిన సీరియల్ చివరికి జనానికి ఇచ్చిన సంబురం ఏంది? లోపల ఉన్నది తెల్లటి మనిషేనని తెలుసుడు. టీవీ ముందు కూసున్న నల్లపిల్లకు ఆ రోజు తెలిసింది కూడ ఒకటే: దీప ఎంత ఏడ్చినా షూటింగ్ అయినంక ముఖం కడుక్కొని పోతది. నేను ఏం పెట్టి కడుక్కోవాలె?

రెండు తెలుగు రాష్ట్రాలల్ల ఈ పాత్రకు ఒక్క నల్లటి అమ్మాయి దొరకలేదా? దొరకక కాదు. అది పద్ధతి. ఇదే కథ మరాఠీల 'రంగ్ మాఝా వేగళా' అయింది, అక్కడ రేష్మా షిండేకు ఇదే నల్లరంగు పూసిన్రు. 2019లో హిందీల 'బాలా' సినిమాకు భూమి పెడ్నేకర్‌కు ఇదే పని చేసిన్రు. నల్లటి మనుషుల బాధ మీద సినిమా తీస్తరు, నల్లటి మనుషులను పెట్టుకోరు. తెల్లటి పాత్రకు ఎట్లాగూ పిలువరు. నల్లటి పాత్రకు కూడ పిలువకపోతే ఇంక మిగిలిందేంది? పనిమనిషి, ఆయా, రౌడీ వెనకాల గుంపు, జాతర సీన్ల జనం. 2024 మార్చిలో 'కార్తీక దీపం' రెండో భాగం మొదలైంది. మళ్ల అదే నటి, మళ్ల అదే దీప పేరు. ఆ నల్లరంగు మాత్రం లేదు. వాళ్లకు నలుపు అంటే ఒక కథకు వాడుకొని పక్కన పెట్టే సరుకు.

ప్రేమి విశ్వనాథ్ వచ్చిన కేరళ నుంచే ఇంకో నటి కథ చెప్త. ఆమె పేరు పి.కె. రోజీ. పులయ కులంల పుట్టిన దళిత బిడ్డ. మలయాళంల తొలి సినిమా 'విగతకుమారన్' తీసిన జె.సి. డానియల్ ఆమెను నాయికగ పెట్టిండు. ఆ సినిమా వచ్చింది 1928లో అని కొందరు, 1930లో అని కొందరు అంటరు. అండ్ల ఆమె వేసింది నాయర్ స్త్రీ పాత్ర. తిరువనంతపురంలో సినిమా ఆడితే, దళిత మనిషి నాయర్ స్త్రీగ కనబడుడు ఓర్వలేని పెద్దకులాలోళ్లు తెర మీద రాళ్లేసిన్రు. ఆమె ఇల్లు కాలబెట్టిన్రు. ప్రాణం అరచేతుల పెట్టుకొని రోజీ తమిళ దేశం దిక్కు పారిపోయింది. ఒక లారీ డ్రైవర్‌ను పెండ్లి చేసుకొని, రాజమ్మాళ్ అనే పేరుతోటి, తాను నటినన్న సంగతి దాచుకొని బతికింది. మళ్ల తెర మీదికి రాలేదు. ఆ సినిమా ప్రింటు కూడ మిగల్లేదు. 2023 ఫిబ్రవరి 10న గూగుల్ తన పేజీ మీద ఆమె బొమ్మ పెట్టి గౌరవించింది. అప్పటికి ఆమె పోయి ముప్పై ఏండ్లు దాటింది.

ఈ రెండు కథలను పక్కపక్కన పెట్టి చూడుర్రి. దళిత స్త్రీ పైకులం పాత్ర వేస్తే రాళ్లు. తెల్లటి స్త్రీ నల్లపిల్ల పాత్ర వేస్తే హారతులు. తొంభై ఏండ్లల మారిందల్ల రాయి వేసే తీరు. అప్పుడు తెర మీదికొచ్చినంక కొట్టిన్రు. ఇప్పుడు తెర దాకా రానిస్తలేరు. రాయి అవసరం లేకుండ పని అయిపోతున్నది.

తెలుగు దిక్కు కూడ చూద్దాం. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీసిండు. చలం కథ. మాల పిల్లకు, బాపన పిల్లగానికి ప్రేమ. ఆ కాలానికి అది ధైర్యమే, కాదనం. అండ్ల మాలపిల్ల పాత్ర వేసింది కాంచనమాల, ఆమె దళిత స్త్రీ కాదు. ఎనభై ఏండ్ల తర్వాత వచ్చిన సీరియల్ దానికన్న ఒక అడుగు ముందుకు పోవాలె కద? ఒక అడుగు వెనకకు వచ్చింది. 'మాలపిల్ల'లో నటి మనది కాకున్నా కనీసం కులం పేరు ఉన్నది. ఇక్కడ ఆ పేరే పోయింది.

అసలు సంగతి ఇదే. 'కార్తీక దీపం' నలుపు మీద నడిచింది, కులం మీద నడవలేదు. మన దగ్గర నలుపు ఒక్క కులం సొత్తు కాదు. నల్లటి రెడ్లున్నరు, నల్లటి బాపనోళ్లున్నరు, తెల్లటి మాదిగోళ్లున్నరు. బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో ఈ లెక్క తేల్చిండు. కులం అంటే జాతుల విభజన కాదు, పంజాబ్ బ్రాహ్మణునికి పంజాబ్ చమార్‌కు జాతిల తేడా ఏమున్నదని అడిగిండు. మరి టీవీకి రంగు ఎందుకు అంత ముద్దొచ్చింది? రంగు చెప్తే కులం చెప్పే పని తప్పుతది. నలుపు దురదృష్టం లెక్క కనబడుతది, ఎవరి తప్పూ ఉండదు, ఎవరికీ సిగ్గు ఉండదు. "నల్లగున్నా మంచిపిల్ల" అని అత్తతోటి అనిపిస్తే ఇంటిల్లిపాది కండ్లు తుడుసుకుంటరు. "మాదిగ పిల్లయితేంది, నా కోడలు" అని అదే అత్తతోటి ఏడున్నర సీరియల్‌లో అనిపించే దమ్ము ఏ ఛానల్‌కున్నది? రంగు మీద జాలి చూపి, కులం మీద నోరు మూసుకున్నరు.

'వంటలక్క' అనే మాటనే చూడుర్రి. దీప కష్టాలు పడి వంట చేసి బతుకుతది. ఆమె చేతి వంట అందరూ లొట్టలేసుకొని తింటరు. అదే కథల దీపకు ఒక కులం పేరు పెట్టి ఊహించుర్రి. 2021 డిసెంబర్‌లో, ఈ సీరియల్ జోరుమీదున్న కాలంలనే, ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లా సూఖీఢాంగ్‌లో సర్కారు బడిల మధ్యాహ్న భోజనం వండనీకి ఒక దళిత స్త్రీని పెట్టుకున్నరు. పెద్దకులాల పిల్లలు ఆమె వండింది ముట్టలేదు. పిల్లలకు బుద్ధి చెప్పాల్సిన పెద్దోళ్లు ఆమెనే పనిల నుంచి తీసేసిన్రు. అసలు వంటలక్క సంగతి అది. దీప వంట అందరూ తిన్నరంటె, ఆమె నల్లగున్నా అంటరానిది కాదని చూసేటోళ్లకు ముందే తెలుసు కాబట్టి.

'డాక్టర్ బాబు' మాట కూడ ఊరికే వచ్చింది కాదు. మన దిక్కు దొరా అన్నరు, పటేలా అన్నరు. కోస్తా దిక్కు బాబూ, అయ్యా అన్నరు. ఎవరు ఎవర్ని అట్ల పిలిచిన్రో మన తాతలను అడిగితే చెప్తరు. కట్టుకున్న పెండ్లాం మొగున్ని బాబు అని పిలుస్తుంటె జనం దాన్ని ప్రేమ అన్నరు.

ఇప్పుడు మేళ్లచెరువు నుంచి మిర్యాలగూడకు పోదాం. దూరమేం కాదు, పాత నల్లగొండ జిల్లానే. సీరియల్ మొదలై ఇంక ఏడాది నిండలేదు. 2018 సెప్టెంబర్ 14న అక్కడ ప్రణయ్‌ను నరికి చంపిన్రు. కడుపుతోటి ఉన్న భార్య అమృతను ఆసుపత్రిల చూపించుకొని బయటికొస్తుంటె, ఆమె కండ్ల ముందటనే, కన్నతల్లి కండ్ల ముందటనే. ప్రణయ్ దళితుడు, అమృత కోమట్ల బిడ్డ. కిరాయి ఇచ్చి చంపించిండని పోలీసులు కేసు పెట్టింది పిల్ల తండ్రి మీద. తీర్పు రాకముందే 2020లో ఆయన చచ్చిపోయిండు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఈ మొత్తం కేసుల ప్రణయ్ ఒంటి రంగు ఏందని ఎవరూ అడగలేదు. అడిగింది కులం.

ఇంకో మాట. తప్పుడు మెడికల్ రిపోర్టు చూసి మొగుడు అనుమానిస్తే కడుపుతోటి ఇల్లిడిచిన దీప కోసం తెలుగు సమాజం ఏండ్లకేండ్లు ఏడ్చింది. కడుపుతోటి మొగున్ని పోగొట్టుకున్న అమృతను అదే తెలుగు సమాజం సోషల్ మీడియాల నోటికొచ్చినట్లు తిట్టింది. దీప మీద కారిన కన్నీళ్లు నిజమైన ఆడమనిషి దాకా ఎందుకు రాలేదు? కులం పేరు వినబడంగనే ఎండిపోయినయి. కులం లేని కథలకు అలవాటు పడ్డ కన్ను కులం ఉన్న బతుకును చూసి ఏడ్వలేదు. సీరియల్ చేసిన నష్టం ఇది. ప్రణయ్ హత్యకు సీరియల్ కారణమని నేను అంటలేను. ఆ హత్యను అర్థం చేసుకునే బుద్ధిని మాత్రం ఇసొంటి కథలు మొద్దుబారుస్తయి అంటున్న.

చట్టాల సంగతి చూస్తే నవ్వొస్తది. 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి తెల్లబడే క్రీముల యాడ్‌లకు నియమాలు పెట్టింది. నల్లగున్నోళ్లను అందం లేనోళ్లుగ, ఏడుపు ముఖాలుగ, పెండ్లికి ఉద్యోగానికి పనికిరానోళ్లుగ చూపెట్టొద్దని అన్నది. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరుల ఫెయిర్ తీసేసి గ్లో పెట్టుకున్నది. అంటే అర నిమిషం యాడ్‌ల నల్లపిల్లను ఏడిపిస్తే తప్పు. యాడ్‌కు ముందు, యాడ్‌కు తర్వాత, ఐదేండ్లు ఏడిపిస్తే అది ఫ్యామిలీ సీరియల్!

మరి మన ఆడోళ్లు ఎందుకు చూసిన్రు? వాళ్లకు తెలివి లేక కాదు. ఈ మాట అనేటోళ్లను నేను అసలే ఒప్పుకోను. దీప మొగుని సొమ్ము ముట్టకుండ కష్టం చేసి బిడ్డను సాదుకున్నది. నింద మోసినా తల వంచలేదు. మన వాడల అట్ల ఒంటి చేత్తోటి ఇల్లు గుంజుకొచ్చిన అమ్మ లేని గల్లీ ఉన్నదా? మా తల్లులు దీపల చూసుకున్నది తమ బతుకును. తెర మీద ఇంకెక్కడ దొరకని తమ ముఖం, నకిలీ రంగులనైనా సరే, అక్కడ ఒక్కచోట దొరికింది. ఆ కన్నీళ్లు మనవి, దాని మీద వచ్చిన టీఆర్పీ వాళ్లది. ఇంత ఆత్మగౌరవం ఉన్న మనిషిని చివరికి ఎక్కడ నిలబెట్టిన్రు? నేను తప్పు చెయ్యలేదని మొగుని ముందు రుజువు చేసుకునే కాడ. బువ్వ సంపాదించుకున్న మనిషికి గౌరవం మాత్రం డాక్టర్ బాబు సంతకంతోటే రావాలెనట.

ఇగ ఎదురు మాటలు తెలుసు. "కళకు కులం లేదు" అంటరు. కళకు కులం లేకుంటె, కళాకారుల లిస్టుల మన ఇంటిపేర్లు ఎందుకు లేవు? సీరియల్ కంపెనీల లెక్కలు ఎవరూ తీయలేదు గని, వార్తల దిక్కు తీసిన్రు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి చూస్తే, పత్రికలు, టీవీ ఛానళ్లు, వెబ్‌సైట్లల్ల పెద్ద కుర్చీలు 121 ఉంటె 106 పైకులాల చేతుల్ల ఉన్నయి. ఎస్సీ, ఎస్టీలకు ఒక్కటి కూడ లేదు. వార్త రాసేకాడనే ఇట్లుంటె, కథ అల్లేకాడ ఎట్లుంటదో చెప్పాల్నా?

"టాలెంట్ ఉంటే వాళ్లే వస్తరు" అంటరు. నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ పేరు విన్నరా? టీవీ పుట్టకముందే ఊరూరు తిరిగి చిందు యక్షగానం ఆడిన దళిత నటి. ఆడ వేషం, మగ వేషం రెండూ కట్టి రాత్రంత జనాన్ని కూసోబెట్టింది. చిందోళ్లు, డక్కలోళ్లు, బైండ్లోళ్లు తరతరాలుగ నటననే బతుకు చేసుకున్నోళ్లు. టాలెంట్ మన కాడ లేక కాదు. ఊరి నడుమ గుంజ పాతుకొని ఆడిన కళకు స్టూడియో గేటు కాడ సెక్యూరిటీ అడ్డం ఉన్నడు. మా దిక్కు నుంచి హైదరాబాద్ పోయి ఆడిషన్ల చుట్టూ తిరిగిన ఒక చెల్లె నాకు చెప్పింది: "అన్నా, ఫొటో చూసి పనిమనిషి వేషం ఉన్నది, వేస్తవా అన్నరు. నా డైలాగు ఒక్కటి కూడ వినలేదు."

నలుపు మాటను మనం ఎవరికీ అప్పచెప్పే పని లేదు. గోగు శ్యామల దళిత స్త్రీల సాహిత్యాన్ని ఒక్కచోట చేర్చి సంకలనం తెచ్చినప్పుడు దానికి పెట్టిన పేరు 'నల్లపొద్దు'. ఆ నలుపుకు ఎవరి జాలీ అక్కరలేదు. అది పొద్దు పొడుపు.

అందుకే విద్యార్థులకు, కార్యకర్తలకు నాలుగు మాటలు.

ఒకటి. నల్లరంగు పూసి నల్లటి పాత్ర వేయించుడు ఆపాలెనని బాహాటంగ అడగాలె. తెల్లటోళ్లు నల్లరంగు పూసుకొని నల్లజాతి మనుషుల వేషం కట్టుడు అమెరికాల ఇప్పుడు సిగ్గుచేటు. మన కాడ దానికి అవార్డులిస్తున్నరు.

రెండు. కులం పేరు ఉన్న కథలు కావాలె. జాలి కథలు కాదు. ప్రేమించే, గెలిచే, తప్పులు చేసే, నవ్వే మాల మాదిగ ఆడోళ్ల కథలు.

మూడు. 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద ఎస్సీల కోసం పక్కన పెట్టే పైసలల్ల నటన, రచన, కెమెరా, ఎడిటింగ్ శిక్షణకు వాటా అడగాలె. గద్దర్ పేరు మీద సినిమా అవార్డులిస్తున్న సర్కారు, గద్దర్ వాడల పుట్టిన పిల్లలకు కెమెరా పట్టుడు నేర్పితే ఆ పేరుకు గౌరవం.

నాలుగు. యూనివర్సిటీలల్ల జర్నలిజం, థియేటర్ చదివే మన పిల్లలు ఒక్కొక్కరు ఒక్క సీరియల్ పట్టుకోండ్రి. ఎవరు రాసిన్రు, ఎవరు తీసిన్రు, ఏ పాత్రకు ఏ మనిషిని పెట్టిన్రు, పనిమనిషికి ఏ పేరు పెట్టిన్రు, ఏ యాస పెట్టిన్రు, లెక్క రాయండ్రి. వార్తల లెక్క బయటికొచ్చింది, కథల లెక్క మనమే తీద్దాం. లెక్క లేని కాడ వాళ్లు "మాకు కులం లేదు" అని తప్పించుకుంటరు.

నల్లటి మనిషి మీద జాలి పడే కథ ఇంక అక్కరలేదు. నల్లటి మనిషికి జీతం ఇచ్చే కథ కావాలె, ఆమె పేరు టైటిల్‌ల పడే కథ కావాలె.

వచ్చే భాగంల డబ్బింగ్ గురించి రాస్త. సీరియళ్లల్ల హీరోయిన్‌కు ఏ తెలుగు, పనిమనిషికి ఏ తెలుగు పెడుతున్నరో చూద్దాం.

జై భీమ్.